ఎండ్యూరెన్స్ మునిగాక ఆ 28 మంది బతకడం నాయకత్వమా, అదృష్టమా?

1914లో షాకిల్టన్ నాయకత్వంలో అంటార్కిటికా ఖండం దాటాలని బయలుదేరిన ఓడ ఎండ్యూరెన్స్. అది మంచులో నలిగి మునిగినా 28 మందిలో ఒక్క ప్రాణమూ పోలేదంటారు. అది నాయకత్వమా, అదృష్టమా అన్న ప్రశ్నలో మూడు సంగతులున్నాయి. ఓడ పోయాక తేలే మంచు మీద అయిదు నెలలకు పైగా ఏం తిని బతికారు? ఇరవై రెండడుగుల పడవలో దక్షిణ సముద్రం ఎలా దాటారు? ఇందులో షాకిల్టన్ పనితనం ఎంత, అదృష్టం ఎంత? మూడోదాని గురించి ఉపన్యాసాలిచ్చేవాళ్ళు చాలామంది మొదటి రెండూ పట్టించుకోరు. మేనేజ్‌మెంట్ క్లాసుల్లో కనబడే షాకిల్టన్ చేతులకి జిడ్డు అంటదు. అసలు మనిషికి మాత్రం రోజులో ఎక్కువ భాగం సీల్ కొవ్వు గురించి, స్లీపింగ్ బ్యాగుల గురించి, ఎవడి పక్కన ఎవణ్ణి పడుకోబెట్టాలన్నదాని గురించి ఆలోచించడంతోనే గడిచిపోయేది.

ముందు తేదీలు చెప్పేస్తాను. ఎండ్యూరెన్స్ 1914 డిసెంబరు 5న దక్షిణ అట్లాంటిక్‌లోని సౌత్ జార్జియా దీవి నుంచి 28 మందితో, అరవై పైచిలుకు కుక్కలతో బయలుదేరింది. అంటార్కిటికాలో వెడ్డెల్ సముద్రం వైపు దిగి, దక్షిణ ధ్రువం మీదుగా నడిచి, అవతల రాస్ సముద్రం చేరాలన్నది ఉద్దేశం. 1915 జనవరి మూడో వారంలో, దిగాల్సిన తీరం ఒక రోజు ప్రయాణం ఉందనగా మంచు బిగుసుకుంది. తొమ్మిది నెలలు ఓడ మంచుతోపాటే కొట్టుకుపోయింది. అక్టోబరు 27న ఖాళీ చేశారు, నవంబరు 21న మునిగింది. 1916 ఏప్రిల్ 9న కాళ్ళ కింది మంచు పలక పగిలితే మూడు పడవలెక్కి, 15న ఎలిఫెంట్ దీవి చేరారు. 24న ఆరుగురు జేమ్స్ కెయిర్డ్ పడవలో బయలుదేరి మే 10న సౌత్ జార్జియాలో దిగారు. దీవిలో మిగిలిన 22 మందిని ఆగస్టు 30న చిలీ వాళ్ళ ఓడ యెల్చో ఎక్కించుకొచ్చింది.

ఓడ ఎందుకు నలిగిందన్నది రెండు మాటల్లో. నార్వే ధ్రువయాత్రికుడు నాన్సెన్ కట్టించిన ఫ్రామ్ ఓడ అడుగు గిన్నెలా గుండ్రంగా ఉంటుంది. మంచు రెండు వైపులా నొక్కితే తడిసిన సబ్బుబిళ్ళలా పైకి జారుతుంది. ఎండ్యూరెన్స్‌ని ఆర్కిటిక్‌లో డబ్బున్నవాళ్ళ వేసవి విహారాలకని నార్వేలో కట్టారు. పక్కలు నిటారుగా ఉండేవి, లోపల ఐమూలగా ఊతమిచ్చే దూలాలు లేవు. ఫిన్లండ్‌కి చెందిన మంచు ఇంజనీరు యుక్కా తుహ్కురి 2025లో ఈ లోపాలన్నీ లెక్కలతో చూపించాడు. అంతకుముందు మరో ఓడకి ఐమూల దూలాలు వేయించమని సలహా ఇచ్చినవాడే షాకిల్టన్. అంటే తెలిసే ఎక్కాడు. ఆయన్ని మెచ్చుకునేటప్పుడు ఈ పద్దు కూడా పక్కన రాసుకోవాలి.

ఓడ ఖాళీ చేసిన రోజునుంచి ఆయన మంచి గుణం బయటపడుతుంది. ధ్రువయాత్ర అన్న మాట వదిలేశాడు, ఇక పని అందర్నీ ఇంటికి చేర్చడమే అన్నాడు. సొంత సామాను మనిషికి రెండు పౌండ్లు, అంటే తొమ్మిది వందల గ్రాములు. తన బంగారు నాణేలు మంచు మీద పారేసి అందరికంటే ముందు తనే చేసి చూపించాడు. అదే మనిషి, జట్టులోని వాతావరణ శాస్త్రవేత్త హసీ దగ్గరున్న అయిదున్నర కిలోల బాంజోని మాత్రం ఉంచమన్నాడు. డైరీలూ ఉంచమన్నాడు. ఫొటోగ్రాఫర్ హర్లీ తన గాజు నెగెటివ్‌లలో ఓ నూట ఇరవై ఉంచుకుని, మిగిలిన నాలుగు వందలని అక్కడికక్కడే పగలగొట్టాడు. తరవాత మనసు మారి వెనక్కి వెళ్ళకుండా ఉండాలంటే పగలగొట్టడమే దారి.

నడక మాత్రం సాగలేదు. స్లెడ్జి మీద పెట్టిన ఒక్కో పడవ దాదాపు టన్ను బరువు. మంచు ఒత్తిడికి లేచిన గట్లని గొడ్డళ్ళతో నరుకుతూ, పడవల్ని వంతులవారీగా లాగుతూ మూడు రోజుల్లో రెండు మైళ్ళు కూడా పోలేకపోయారు. నవంబరు 1న ఆపేసి, మందంగా ఉన్న ఒక పలక మీద ఓషన్ క్యాంపు వేశారు. ఇక ప్రవాహమే ఉత్తరానికి మోసుకుపోవాలి. డిసెంబరు 23న మళ్ళీ నడక మొదలెట్టి వారం రోజుల్లో ఏడెనిమిది మైళ్ళు పోయారు. ఈ రెండో నడక తప్పన్నదే నా అభిప్రాయం. నడివేసవిలో పైమంచు జావలా మెత్తబడి మోకాలి లోతు దిగుతుంది. రాత్రి పూట కాస్త గట్టిపడుతుందని రాత్రిళ్ళు నడిచినా లాభం లేకపోయింది. పైగా చాలా సరుకు వెనక వదిలేశారు. దాని ఫలితం జనవరిలో కనబడింది.

ఇప్పుడు తిండి. ఓడ మునగకముందే పగిలిన డెక్ కిందనుంచి సుమారు మూడు టన్నుల సరుకు బయటికి లాగారు. కానీ వాళ్ళని బతికించింది పిండీ పంచదారా కాదు, సీల్ చర్మం కింద ఉండే కొవ్వు పొర. చిన్న లెక్క చూడండి. ఆ చలిలో ఒళ్ళొంచి పనిచేసే మనిషికి రోజుకి 4,000 కేలరీలు అనుకుంటే 28 మందికి 1,12,000. కొవ్వు లేని ఎర్ర మాంసం కిలోకి సుమారు 1,100 ఇస్తుంది. అంటే రోజుకి వంద కిలోలు, మనిషికి మూడున్నర కిలోలు తినాలి. అంత ఎవరూ తినలేరు, తిన్నా కాలేయం అంత మాంసకృత్తుల్ని అరిగించలేదు. వికారం, విరేచనాలు, కడుపునిండా తింటూనే చిక్కి శల్యమవడం. 1914లో కార్లక్ ఓడ పోగొట్టుకుని రాంగెల్ దీవిలో చిక్కుకున్నవాళ్ళలో ఇద్దరు ఒళ్ళు వాచి చనిపోవడానికి కారణం పెమ్మికన్‌లో (ఎండు మాంసం పొడి, కొవ్వు కలిపి చేసే యాత్ర తిండి) కొవ్వు చాలకపోవడమేనన్న అనుమానం అప్పట్నుంచీ ఉంది. అదే సీల్ కొవ్వయితే కిలోకి 7,500 దాకా వస్తుంది, పదిహేను కిలోలతో అందరి లెక్కా సరిపోతుంది. మొదట్లో ఆ వాసనకి ముక్కు మూసుకున్నవాళ్ళే నాలుగు నెలలకి దాన్ని పచ్చిగా కోసుకుని తిన్నారు.

తాజా మాంసం చేసిన రెండో మేలు, విటమిన్ సి లేక వచ్చే స్కర్వీ జబ్బు రాకపోవడం. అప్పటికి విటమిన్ సి ని ఎవరూ వేరుచేయలేదు. తాజా మాంసం తిన్న జట్లకి ఆ జబ్బు రాదని మాత్రం ధ్రువప్రాంతాల్లో తిరిగినవాళ్ళకి అనుభవం మీద తెలుసు. మాంసాన్ని గంటలకొద్దీ ఉడికిస్తే ఆ గుణం పోతుంది. వాళ్ళకి ఇంధనం తక్కువ కాబట్టి పైపైన వేయించి తినేవారు. లేమి కూడా ఒక్కోసారి మేలు చేస్తుంది.

కొవ్వే పొయ్యిలో కట్టె కూడా. ఓడనుంచి తీసిన ఇనుముతో హర్లీ పొయ్యి చేశాడు. కొవ్వుని పేలికలుగా కోసి లోపల వేస్తే కరిగి బొట్లుబొట్లుగా పడుతూ మండుతుంది. నల్లటి జిడ్డు మసి ముఖానికీ బట్టలకీ పట్టి వదలదు. అంటే ఒక సీల్ దొరక్కపోతే తిండి, మంట, తాగే నీళ్ళు మూడూ ఒకేసారి పోతాయి. చుట్టూ మంచే కదా, నీళ్ళకేం కరువు అనుకుంటారు. మంచుని నోట్లో వేసుకుంటే దాహం తీరేలోపు ఒంటి వేడి పోతుంది. కొవ్వు తక్కువైన రోజుల్లో పొగాకు డబ్బాలో మంచు కూరి, దాన్ని స్లీపింగ్ బ్యాగులో ఒంటికి ఆనించుకుని పడుకునేవారు. తెల్లారేసరికి ఒకటి రెండు చెంచాల నీళ్ళు దిగేవి.

షాకిల్టన్ చేసిన పెద్ద పొరపాటు ఇక్కడే. సీళ్ళు బాగా దొరికిన రోజుల్లో ఎక్కువ నిల్వ చేయనివ్వలేదు. సరుకులు చూసే ఆర్డ్-లీస్ అడుగుతూనే ఉన్నాడు. కుప్పలుగా మాంసం చేర్చితే, మరో చలికాలం ఇక్కడేనని నాయకుడే ఒప్పుకున్నట్టు జనానికి అర్థమవుతుందని ఆయన భయం. మనసు లెక్క సరైనదే కావచ్చు, కడుపు లెక్క తప్పింది. 1916 జనవరికి సీళ్ళు కరువై, చాలా కుక్కల్ని కాల్చేయాల్సి వచ్చింది, ఎందుకంటే మనుషులకి కావాల్సిన సీల్ మాంసాన్నే అవీ తినేవి. మిగిలినవాటిని మార్చి చివర, ఏప్రిల్ మొదట్లో చంపి తిన్నారు. ఫిబ్రవరిలో మనుషుల్ని ఓషన్ క్యాంపుకి పంపి, వదిలేసిన మూడో పడవ స్టాన్‌కోంబ్ విల్స్‌ని తెప్పించారు. అది లేకపోయుంటే 28 మంది రెండు పడవల్లో పట్టేవాళ్ళు కాదు.

స్లీపింగ్ బ్యాగుల సంగతికొస్తే, రెయిన్‌డీర్ తోలువి 18, ఉన్నివి 10 ఉన్నాయి. తోలుది వెచ్చన. చీట్లు వేశారు. చీట్లలో ఏదో మతలబు జరిగిందని నావికులకి అప్పుడే తెలిసిపోయింది, ఎందుకంటే షాకిల్టన్, ఆయన తరవాతి నాయకుడు వైల్డ్, ఓడ కెప్టెన్ వర్స్లీ లాంటి పెద్దలందరికీ ఉన్నివే వచ్చాయి, తోలువన్నీ కింది నావికులకి వెళ్ళాయి. ఎవరూ నోరు విప్పలేదు. అయిదు గుడారాలు, కింద పరిచేది సరిగా లేదు, ఒంటి వేడికి మంచు కరిగి ప్రతివాడి కిందా గుంట పడుతుంది. అలాంటి చోట నెలల తరబడి పక్కన పడుకునేవాడి గురకే తగాదాకి చాలు. షాకిల్టన్ తన గుడారంలోకి ఇష్టులని తెచ్చుకోలేదు. తన మాట గొప్పదనుకునే హర్లీని, తేలిగ్గా నీరసపడే హడ్సన్‌ని, మిగతావాళ్ళు ఆటపట్టించే భౌతికశాస్త్రవేత్త జేమ్స్‌ని పెట్టుకున్నాడు. ముగ్గురూ బయట ఉంటే చిచ్చు రేపేవాళ్ళో, చితికిపోయేవాళ్ళో. వడ్రంగి మెక్‌నిష్‌ని నమ్మకస్తుడైన వైల్డ్ గుడారంలో వేశాడు.

ఆ మెక్‌నిష్ డిసెంబరు 27న బండి లాగనన్నాడు. ఓడ మునిగింది కాబట్టి ఒప్పందం చెల్లదు, ఎవరి మాటా వినక్కర్లేదన్నది అతని వాదన. సముద్ర చట్టం మామూలుగా అతని వైపే ఉంటుంది. షాకిల్టన్ అందర్నీ నిలబెట్టి ఒప్పందం చదివించాడు. ఓడలోనే కాదు, పడవల్లోనూ ఒడ్డునా చెప్పిన పని చేయాలని అందులో ఉంది. జీతం కూడా రేవు చేరేదాకా నడుస్తుందని చెప్పాడు. గొడవ చల్లారింది. కానీ మెక్‌నిష్ మాటలో నిజం లేకపోలేదు. అలా ఈడిస్తే పడవల అడుగులు పాడవుతాయని అతని గోల, రెండు రోజుల తరవాత షాకిల్టనే నడక ఆపేశాడు. తరవాత ధ్రువయాత్రికులకిచ్చే పోలార్ మెడల్ ఇచ్చేటప్పుడు నలుగురికి రాలేదు: మెక్‌నిష్, విన్సెంట్, హోల్‌నెస్, స్టీఫెన్సన్. మిగతా ముగ్గురి సంగతి ఎలా ఉన్నా మెక్‌నిష్‌కి ఇవ్వకపోవడం అన్యాయం. ఎందుకో పడవ గురించి చెబుతున్నప్పుడు తెలుస్తుంది.

ఏప్రిల్‌లో ఏడు రోజుల పడవ ప్రయాణం జేమ్స్ కెయిర్డ్ ప్రయాణం కంటే తక్కువేమీ కాదు. గాలిని బట్టి గమ్యాన్ని మూడుసార్లు మార్చారు. మూడు రోజులు పడవ నడిపాక సూర్యుణ్ణి కొలిస్తే, ముందుకి పోవాల్సింది ముప్ఫై మైళ్ళు వెనక్కి పోయారని తేలింది. మంచు పలకలనుంచి హడావుడిగా బయటపడడంతో మంచుగడ్డలు పడవలో వేసుకోవడం మరిచారు. ఉప్పునీళ్ళ మధ్య తాగేందుకు చుక్క లేదు. పచ్చి సీల్ మాంసం నమిలి రక్తం పీల్చారు. దాహం ఎక్కువైతే ఉప్పు మాంసం మింగుడుపడదు, తిండి ఉండీ లేనట్టే. దొంగచాటుగా ఓడెక్కిన కుర్రాడు బ్లాక్‌బరో కాళ్ళు చలికి మొద్దుబారిపోయాయి.

ఎలిఫెంట్ దీవి గట్టి నేలే గానీ ఓడలు ఆ దారిన రావు. ఫాక్‌లాండ్స్ దీవులు దగ్గరే, సౌత్ జార్జియా అయితే ఎనిమిది వందల మైళ్ళు. దూరందాన్నే ఎంచుకోవడానికి కారణం పడమటి గాలులు. దగ్గరదానికి పోవాలంటే గాలికి ఎదురీదాలి. ఈ ఒక్క నిర్ణయం తప్పుంటే మిగతా కథ లేదు.

మెక్‌నిష్ పడవ పక్కల్ని అప్పటికే మంచు మీద ఉండగా పెట్టెల చెక్కలతో ఎత్తు చేశాడు. సందుల్లో దీపం వత్తులు కూరి, చిత్రకారుడు మార్స్‌టన్ నూనె రంగులూ సీల్ రక్తమూ పూసి పూడ్చాడు. దీవిలో స్లెడ్జి బద్దలు, పెట్టె మూతలు పరిచి పైన కాన్వాసు బిగించి డెక్ చేశాడు. ఆ కాన్వాసు రాయిలా గడ్డకట్టి ఉంటే నావికులు చీథమ్, మెకార్తీ జానెడు జానెడు కొవ్వు పొయ్యి మీద కరిగిస్తూ కుట్టారు. పెద్ద అలల మీద పడవ నడుం విరగకుండా స్టాన్‌కోంబ్ విల్స్ పడవ తెరచాప కొయ్యని లోపల వెన్నుదూలం పొడవునా కట్టేశారు. బోర్లపడకుండా రాళ్ళు, ఇసుక సంచులు దాదాపు టన్ను వేశారు. ఇంత బరువు ఎక్కువని వర్స్లీ అన్నాడు, అతనిదే నిజం. అడుగు బరువెక్కిన పడవ అల మీద తేలికగా లేవదు, అలలోకి దూసుకుపోయి ఒళ్ళంతా తడుపుతుంది.

ఆరుగురి ఎంపిక చూడండి. దారి లెక్కకి వర్స్లీ. దేనికీ చలించని క్రీన్, మెకార్తీ. పడవ బాగుకి మెక్‌నిష్. విన్సెంట్ బలశాలి. చివరి ఇద్దరినీ తీసుకెళ్ళడానికి మరో కారణం, దీవిలో వదిలితే వైల్డ్‌కి తలనొప్పి. నెలకి సరిపడా తిండి. అంతకు మించి పట్టిందంటే ఎలాగూ మునిగినట్టేనన్నది లెక్క.

ముగ్గురేసి చొప్పున నాలుగు గంటల వంతులు: ఒకరు చుక్కాని, ఒకరు తెరచాపలు, ఒకరు నీళ్ళు తోడడం. పంపుని హర్లీ ఓడ దిక్సూచి అమరికలోని గొట్టంతో చేశాడు, తోలు బ్యాగుల వెంట్రుకలు రాలి అందులో ఇరుక్కునేవి. పంపు స్టవ్వు వెలిగించాలంటే ఇద్దరు ఎదురెదురుగా వీపులు పడవకి ఆనించి, పాదాలతో స్టవ్వుని నొక్కిపట్టాలి. గిన్నె ఎత్తి పట్టుకోవడం, మళ్ళీ దించడం క్రీన్ పని. వేడి జావ నాలుగు గంటలకొకసారి, రాత్రి వంతుల్లో వేడి పాలు. ఎవరైనా వణకడం ఎక్కువైతే షాకిల్టన్ అతని పేరు చెప్పకుండా అందరికీ పాలు కాయించేవాడు. వారం గడిచాక తుంపరలు గడ్డకట్టి పడవ పైన అడుగు మందాన మంచు పేరుకుంది. పై బరువు పెరిగితే బోల్తాయే. పాకుతూ పోయి గొడ్డలితో కొట్టారు. నానిపోయిన రెండు బ్యాగుల్ని సముద్రంలో పారేశారు. చివరి రోజుల్లో రెండో పీపా నీళ్ళు ఉప్పగా మారాయని తెలిసింది, మనిషికి రోజుకి అర పింటు, అంటే గ్లాసుకి కాస్త ఎక్కువ.

దారి లెక్క గురించి ఎంత చెప్పినా తక్కువే. 24 క్రోనోమీటర్లతో, అంటే దారి లెక్కకి వాడే కచ్చితమైన గడియారాలతో, బయలుదేరితే సరిగా నడిచేది ఒక్కటే మిగిలింది. పదహారు రోజుల్లో సూర్యుడు కొలతకి దొరికింది నాలుగుసార్లు. ఇద్దరు పట్టుకుంటే వర్స్లీ లేచి, పడవ అల నెత్తికెక్కిన క్షణంలో సూర్యుడి ఎత్తు కొలిచే సెక్స్టెంట్‌లో అంచనాగా దిగ్మండలాన్ని పట్టేవాడు. లెక్కల పుస్తకం నాని పేజీలు ముద్దయ్యాయి. పది మైళ్ళ తేడా రావచ్చని అతనే చెప్పాడు. అందుకే షాకిల్టన్ తిమింగలాల కేంద్రాలున్న తూర్పు ఒడ్డుని వదిలి, మనుషులు లేని పడమటి ఒడ్డుకే గురిపెట్టాడు. దీవిని దాటిపోతే ఆ గాలిలో వెనక్కి తిరగడం అసాధ్యం, అవతల వేల మైళ్ళు నీళ్ళే. వర్స్లీ చేయి ఎంత నిక్కచ్చో ఇంకో రుజువు: 2022 మార్చిలో ఎండ్యూరెన్స్ 3,008 మీటర్ల లోతున దొరికింది, అతను రాసిపెట్టిన చోటికి నాలుగు మైళ్ళ దూరంలో.

పడమటి ఒడ్డున దిగాక షాకిల్టన్, వర్స్లీ, క్రీన్ తిమింగలాల కేంద్రం చేరడానికి సౌత్ జార్జియా కొండలు దాటడం ముప్ఫై ఆరు గంటల పని. యాభై అడుగుల తాడు, వడ్రంగి బాడిశ, ముళ్ళ బూట్లకి బదులు బూటు అట్టల్లోకి బిగించిన పడవ మరమేకులు. నిద్రపోతే చస్తారని, మిగతా ఇద్దర్నీ అయిదు నిమిషాలు పడుకోనిచ్చి లేపి, అరగంట పడుకున్నారని అబద్ధం చెప్పాడు షాకిల్టన్.

ఎలిఫెంట్ దీవిలో మిగిలినవాళ్ళని చూసుకున్న వైల్డ్ పనిని జనం తక్కువ చేసి చూస్తారు. నాలుగు నెలలకి పైగా 22 మంది, రెండు బోర్లించిన పడవల కింద, నాలుగడుగుల రాతిగోడల మధ్య. సార్డీన్ డబ్బాలో కొవ్వు, కట్టు గుడ్డ వత్తి, అదే దీపం. రోజూ పొద్దున్నే బ్యాగులు చుట్టేయించేవాడు, బాస్ ఇవాళ రావచ్చని. జూన్ 15న బ్లాక్‌బరో ఎడమ పాదం వేళ్ళు తీసేశారు. చలిలో క్లోరోఫాం ఆవిరి కాదు, అందుకని పెంగ్విన్ తోళ్ళు మండించి గుడిసెని 26 డిగ్రీల దాకా వేడెక్కించాకే డాక్టర్లు మెకిల్‌రాయ్, మాక్లిన్ మొదలెట్టారు. ఆగస్టు చివరికి సముద్రపు నాచు, రాళ్ళకంటిన గుల్లలు ఏరుకునే దాకా వచ్చింది. ఇక్కడా ఆర్డ్-లీస్ నిల్వ చేద్దామన్నాడు, వైల్డ్ కూడా గురువులాగే వద్దన్నాడు.

అదృష్టం లేదనను. ప్రవాహం ఎలిఫెంట్ దీవి అందుబాటులోకి తెచ్చింది, ఇంకాస్త తూర్పుకి తోసుంటే ఏ నాయకత్వమూ పనికొచ్చేది కాదు. కానీ ప్రవాహం దయ చూపించేదాకా 28 మందీ బలంగా, ఒకర్నొకరు చంపుకోకుండా ఉండడం అదృష్టం ఇచ్చేది కాదు.

ఇక ఒక్క ప్రాణమూ పోలేదంటారని మొదట్లో అన్నాను కదా, అది సగం నిజం. అదే యాత్రకి రెండో జట్టు ఉంది. ధ్రువం దాటి వచ్చేవాళ్ళ కోసం రాస్ సముద్రం వైపునుంచి తిండి డిపోలు వేయడం దాని పని. 1915 మేలో వాళ్ళ ఓడ అరోరా లంగరు తెగి కొట్టుకుపోయింది, సరుకులో చాలాభాగం అందులోనే పోయింది. ఒడ్డున పదిమంది మిగిలారు. అంతకుముందు వచ్చిన స్కాట్ జట్టు వదిలిన పాత గుడారం గుడ్డతో బట్టలు కుట్టుకుని డిపోలు వేశారు. దారిలో తాజా మాంసం లేదు, స్కర్వీ వచ్చింది. వాళ్ళలో స్పెన్సర్-స్మిత్ 1916 మార్చి 9న చనిపోయాడు. మాకింటాష్, హేవర్డ్ మే 8న పలచటి సముద్రపు మంచు మీద బయలుదేరి మళ్ళీ కనబడలేదు. చివరి డిపోని మౌంట్ హోప్ దగ్గర, 83 డిగ్రీల 30 నిమిషాల దక్షిణాన 1916 జనవరి 26న వేశారు. ఆ మూటలు విప్పుకోవాల్సినవాళ్ళు ఆ రోజుకి ఖండానికి అవతలి వైపు, రెండో నడక ఆగినచోట వేసిన పేషన్స్ క్యాంపు పలక మీద ఒక్క సీల్ కోసం కళ్ళు కాయలు కాచేలా చూస్తున్నారు.